ఫ్రేము మీద పేరు ఒకటి, చేసిన చెయ్యి ఇంకొకటి

ఈ వారం ఎపిసోడ్‌లో అమెరికా సైకిల్ రేసు టీముల గురించి మాట్లాడుకున్నాం కదా. గంటలో ఇరికించలేని సంగతులు కొన్ని మిగిలిపోయాయి. వాటిని వరసగా ఇక్కడ రాస్తున్నాను. డ్యూటీ దిగాక రూములో పడుకుని చదువుకునేవాళ్ళు, ఎపిసోడ్ వినకపోయినా ఇది చదివితే కథ అర్థమవుతుంది.

మనకి సైకిల్ అంటే హీరో, అట్లాస్, హెర్క్యులిస్. పాల క్యాన్లు, గడ్డిమోపు, ముందు చిన్నోడు, వెనక పెద్దోడు. రేసు సైకిల్ ఆ జాతే గానీ బొత్తిగా వేరే సంగతి. దానికి స్టాండు ఉండదు, క్యారియర్ ఉండదు, బెల్లు కూడా ఉండదు. బరువు ఎంత తక్కువంటే, మరీ తేలిగ్గా చేసి విరగ్గొట్టుకోకుండా 2000 సంవత్సరంలో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఒక రూలు పెట్టాల్సి వచ్చింది: 6.8 కిలోల కంటే తగ్గకూడదని. టూర్ డి ఫ్రాన్స్‌లో తొక్కే సైకిళ్ళ ధర ఇప్పుడు 12,000 డాలర్లు దాటింది. దుబాయ్‌లో ఉన్నవాళ్ళు అల్ ఖుద్రా ఎడారి ట్రాకులో తెల్లారుజామున దూసుకుపోయే సైకిళ్ళు చూసే ఉంటారు. ఆ బాపతు.

ఆ ఫ్రేము మీద పెద్ద అక్షరాలతో ఒక కంపెనీ పేరు ఉంటుంది. టీవీలో కనిపించేది ఆ పేరే, షాపులో అమ్ముడయ్యేదీ ఆ పేరే. అయితే ఆ సైకిల్‌ని నిజంగా ఎవరు చేశారు? అమెరికా టీముల చరిత్రలో ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే, అది చివరికి మనలాంటి వలస కూలీల దగ్గరికే వచ్చి ఆగింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కథ 80ల్లో మొదలుపెడదాం. అప్పటిదాకా రోడ్డు రేసు అంటే యూరప్ వాళ్ళ ఆట. ఫ్రాన్స్, ఇటలీ, బెల్జియం వాళ్ళు తొక్కడం, వాళ్ళే గెలవడం. అమెరికాలో సైకిల్ పిల్లలు తొక్కే బొమ్మ కింద లెక్క. 1981లో జిమ్ ఓకోవిచ్ అనే మాజీ సైక్లిస్టు ఒక టీము కట్టాడు. డబ్బు పెట్టింది సెవెన్ ఎలెవెన్ కిరాణా షాపుల కంపెనీ. మనవాళ్ళు ఎంతోమంది నైట్ షిఫ్టులు చేసిన కౌంటర్లు ఉన్నాయే, ఆ షాపులే. మొదటి జట్టులో ఎరిక్ హైడెన్ కూడా ఉన్నాడు. 1980 వింటర్ ఒలింపిక్స్‌లో మంచు మీద స్కేటింగ్‌లో ఐదు బంగారు పతకాలు కొట్టినవాడు.

1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో రోడ్డు రేసు బంగారం అమెరికాకి వచ్చింది. తెచ్చింది అలెక్సీ సింగ్ గ్రెవాల్. పేరు చూస్తేనే తెలుస్తోంది కదా. నాన్న ఇండియా నుంచి వలస వెళ్ళిన పంజాబీ సిక్కు. కొలరాడోలో పుట్టి పెరిగిన కుర్రాడు చివరి మీటర్లలో కెనడా వాడు స్టీవ్ బావర్‌ని దాటి గెలిచాడు. ఆ రేసులో బంగారం కొట్టిన మొదటి అమెరికన్ మగవాడు అతనే. అదే రోజు ఆడవాళ్ళ రేసు కానీ కార్పెంటర్ గెలిచింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి రోడ్డు రేసు పెట్టడం అదే మొదటిసారి.

ఆ తర్వాత అమెరికా సైకిల్ కంపెనీలకి రేసుల మీద కన్ను పడింది. ముర్రే, హఫీ అని రెండు పెద్ద కంపెనీలు ఉండేవి. సూపర్ మార్కెట్లలో పిల్లల సైకిళ్ళు లక్షల్లో అమ్మేవాళ్ళు. క్రిస్మస్‌కి చెట్టు కింద పెట్టే సైకిల్ అంటే చాలా ఇళ్ళల్లో వీళ్ళదే. చవకగా, మోటుగా ఉండేది. యూరప్ కొండల్లో మూడు వారాలు రేసు తొక్కే సైకిల్ చేసే పనితనం ఆ ఫ్యాక్టరీల లైన్లలో లేదు. కానీ సెవెన్ ఎలెవెన్ టీముకి స్పాన్సర్ చేస్తే పేరు టీవీలో వస్తుంది. మరి ఏం చేయాలి?

పని తెలిసినవాడితో చేయించి తమ పేరు వేయించుకున్నారు. న్యూయార్క్ రాష్ట్రంలో బెన్ సెరోటా అనే చేతిపనివాడు ఉండేవాడు. సన్నటి స్టీలు గొట్టాలు కోసి, మనిషి కొలత ప్రకారం గ్యాసు మంట మీద అతికి ఫ్రేములు కట్టేవాడు. దర్జీ చొక్కా కుట్టినట్టు అనుకోండి. 1986లో సెవెన్ ఎలెవెన్ మొదటిసారి టూర్ డి ఫ్రాన్స్‌కి వెళ్ళినప్పుడు తొక్కిన ముర్రే సైకిళ్ళు ఆయన షాపులో తయారైనవే. తర్వాత స్పాన్సర్ హఫీ అయ్యింది. పెయింటు మారింది, పేరు మారింది, గొట్టాలు అతికిన చెయ్యి మారలేదు.

1986 టూర్‌లోనే ఆ టీములో తొక్కిన కెనడా కుర్రాడు అలెక్స్ స్టీడా ఒక పూట పసుపు జెర్సీ వేసుకున్నాడు. టూర్‌లో ముందున్నవాడు వేసుకునే జెర్సీ అది. ఉత్తర అమెరికా వాళ్ళలో అది వేసుకున్న మొదటివాడు అతను. పొద్దున వచ్చింది, మధ్యాహ్నం టీము రేసులో పోయింది. పోతే పోయింది, ఆ పూట ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి.

రెండేళ్ళ తర్వాత జరిగింది ఇంకా పెద్దది. 1988 జూన్ 5. ఇటలీలో జరిగే గిరో రేసు. టూర్ తర్వాత అంతటి రేసు. ఆ రోజు గావియా అనే కొండ కనుమ ఎక్కాలి. ఎత్తు 2,600 మీటర్ల పైన. రోడ్డు చాలా భాగం మట్టిదే. పైన మంచు కురుస్తోంది. సెవెన్ ఎలెవెన్ వాళ్ళు వాతావరణం సంగతి ముందే పసిగట్టి మందపాటి గ్లౌజులు, టోపీలు కొని కొండ మీద తమవాళ్ళ చేత అందించే ఏర్పాటు చేసుకున్నారు. మిగతావాళ్ళలో చాలామంది చలికి వణికి, చేతులు మొద్దుబారి, బ్రేకు నొక్కలేక దిగిపోయారు. ఆండీ హ్యాంప్‌స్టెన్ తొక్కుతూనే పోయాడు. ఆ రోజు స్టేజి హాలండ్ వాడు బ్రూకింక్ గెలిచాడు, గులాబీ జెర్సీ మాత్రం హ్యాంప్‌స్టెన్‌కి వచ్చింది. చివరిదాకా దాన్ని వదల్లేదు. గిరో గెలిచిన మొదటి అమెరికన్. అంతకుముందు యూరప్ బయటివాడు ఎవడూ ఆ రేసు గెలవలేదు.

ఆ సైకిల్ మీద పేరు హఫీ. కట్టింది జాన్ స్లావ్టా. ల్యాండ్‌షార్క్ అనే సొంత పేరుతో చిన్న షాపు నడుపుకునే మనిషి. గేర్లు, బ్రేకులు జపాన్ షిమానో కంపెనీవి. అప్పటిదాకా మూడు వారాల పెద్ద రేసుల్లో ఇటలీ కాంపన్యోలోదే పైచేయి. షిమానో విడిభాగాలతో ఒక పెద్ద రేసు గెలవడం అదే మొదలు. అమెరికా గెలుపు అని పేపర్లు రాసిన ఆ సైకిల్‌లో ఒహాయో కంపెనీ పేరుంది, ఒక చిన్న షాపువాడి చెయ్యి ఉంది, జపాన్ కార్మికుల గేర్లు ఉన్నాయి. తొక్కిన కాళ్ళు మాత్రం హ్యాంప్‌స్టెన్‌వే.

ఇది మోసమా అని మీరు అడగొచ్చు. ఆ రంగంలో ఉన్నవాళ్ళకి ఇది మామూలు వ్యవహారం. రేసు టీముకి టికెట్లు అమ్ముకునే స్టేడియం లేదు, గేటు డబ్బులు లేవు. రోడ్డు పక్కన జనం ఉచితంగా చూస్తారు. టీము బతికేది స్పాన్సర్ డబ్బు మీద. స్పాన్సర్ కొనుక్కునేది ఫ్రేము మీద జాగా. రేసు తొక్కేవాడికి కావాల్సింది ఒంటికి సరిపోయే సైకిల్. ఈ రెండూ కుదరనప్పుడు మధ్యలో పెయింటు డబ్బా వచ్చి సర్దుబాటు చేస్తుంది. 1986లో టూర్ గెలిచిన మొదటి అమెరికన్ గ్రెగ్ లెమాండ్ విషయంలోనూ అంతే. ఆ టూర్‌లో అతనికి లుక్ కంపెనీ పేరుతో ఇచ్చిన కార్బన్ ఫ్రేము టీవీటీ అనే మరో ఫ్రెంచి కంపెనీ చేసింది. 1999లో లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ టైమ్ ట్రయల్‌కి, అంటే గడియారంతో పోటీపడుతూ ఒంటరిగా తొక్కే రేసుకి, వాడిన సైకిల్ మీద ట్రెక్ అని ఉంది. అది టెనెసీలో లైట్‌స్పీడ్ వాళ్ళు చేసిన టైటానియం సైకిల్. ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు టూర్ టైటిళ్ళూ డోపింగ్ కారణంగా 2012లో రద్దయ్యాయి. టూర్ గెలిచిన అమెరికన్ మగవాడు అని ఈ రోజు రికార్డుల్లో మిగిలింది లెమాండ్ ఒక్కడే.

లెమాండ్ పేరు వచ్చింది కాబట్టి 1989 సంగతి చెప్పకుండా ఉండలేను. 1987లో వేటకి వెళ్ళినప్పుడు పొరపాటున తుపాకీ తగిలి చావు దగ్గరిదాకా వెళ్ళొచ్చాడు. రెండేళ్ళకి తిరిగొచ్చి టూర్ చివరి రోజుకి 50 సెకన్లు వెనక ఉన్నాడు. మిగిలింది వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. హ్యాండిల్‌కి ముందుకు సాగే రెండు కడ్డీలు తగిలించుకున్నాడు. మోచేతులు వాటి మీద ఆనించి, ఒళ్ళు ముడుచుకుని తొక్కితే గాలి అడ్డు తగ్గుతుంది. ఆ హ్యాండిల్ తయారుచేసింది స్కాట్ కంపెనీ. ఆలోచన బూన్ లెనన్ అనే స్కీయింగ్ కోచ్‌ది. మంచు కొండ మీద నుంచి జారేవాళ్ళు గాలికి ఎలా ఒదుగుతారో చూసినవాడికి సైకిల్ మీద కూడా అలాగే ఒదగొచ్చని తట్టింది. ముందున్న ఫ్రాన్స్ వాడు లారెంట్ ఫిన్యాన్ మామూలు హ్యాండిల్‌తోనే తొక్కాడు. లెమాండ్ గంటకి 54.5 కిలోమీటర్ల సగటుతో వచ్చి 8 సెకన్ల తేడాతో టూర్ గెలిచాడు. మూడు వారాలు, 3,000 కిలోమీటర్ల పైన తొక్కితే తేడా ఎనిమిది సెకన్లు. అప్పటినుంచీ టైమ్ ట్రయల్‌లో ఆ తరహా హ్యాండిల్ లేకుండా వచ్చేవాడు లేడు.

అమెరికన్లు గెలుస్తున్న ఆ రోజుల్లోనే, ఆ సైకిళ్ళు చేసే ఫ్యాక్టరీలు అమెరికాలో ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చాయి. ష్విన్ సంగతి చూడండి. ఇగ్నాజ్ ష్విన్ అనే జర్మన్ వలసదారు 1895లో షికాగోలో పెట్టిన కంపెనీ. అమెరికాలో సైకిల్‌కి మారుపేరు. 1980లో షికాగో ప్లాంటులో కార్మికులు యూనియన్ పెట్టుకుని సమ్మె చేశారు. మేనేజ్‌మెంట్ ఒప్పందం చేసుకోక తప్పలేదు, కానీ ఆలోగానే పనిని తైవాన్ వైపు మళ్ళించడం మొదలుపెట్టింది. అక్కడ 1972లో మొదలైన జెయింట్ అనే చిన్న కంపెనీకి ఆర్డర్లు వెళ్ళాయి. 80ల మధ్యకల్లా ష్విన్ పేరుతో అమ్ముడయ్యే సైకిళ్ళలో పెద్ద భాగం జెయింట్ చేసినవే. షికాగో ప్లాంటు మూతపడింది. 1992లో ష్విన్ దివాలా తీసింది. జెయింట్ మాత్రం పని నేర్చుకుని సొంత పేరుతో నిలబడి, 90ల చివరికి యూరప్ పెద్ద టీములకే సైకిళ్ళు ఇచ్చింది.

హఫీ కథ ఇంకా బాధ. ఒహాయోలో సెలైనా అనే చిన్న ఊరు. ఊరంతా హఫీ ప్లాంటు మీద బతికేది. కంపెనీ నిలబడాలని 1995లో కార్మికులు జీతాల కోతకి కూడా ఒప్పుకున్నారు. అయినా 1998లో ప్లాంటు మూసేశారు. దాదాపు వెయ్యి మంది రోడ్డున పడ్డారు. ఆ మరుసటి ఏడాది అమెరికాలో మిగిలిన ప్లాంట్లూ మూసేసింది. ఇప్పుడు హఫీ అంటే పేరు మాత్రమే, సైకిళ్ళు వచ్చేది విదేశాల నుంచి. పదేళ్ళ కిందట గిరో గెలిచిన పేరు అదే కదా అని ఆ ఊరివాళ్ళు ఎవరైనా తలుచుకుని ఉంటారా అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

నేను అమెరికా వచ్చిన కొత్తలో కొన్నాళ్ళు ఒక సైకిల్ షాపులో పని చేశాను. అట్టపెట్టెలు విప్పడం, హ్యాండిల్ బిగించడం, పెడళ్ళు తగిలించడం, గేర్లు సరిచేయడం. ఫ్రేము మీద అమెరికా కంపెనీ పేరు మెరిసిపోతూ ఉండేది. సైకిల్‌ని తలకిందులు చేస్తే పెడళ్ళ ఇరుసు దగ్గర చిన్న స్టిక్కరు: మేడ్ ఇన్ తైవాన్. కొనేవాళ్ళు ఎవరూ సైకిల్‌ని తలకిందులు చేసి చూడరు. బిగించేవాళ్ళం కాబట్టి మేం చూసేవాళ్ళం.

ఈ రోజు పెద్ద టీముల సైకిళ్ళలో చాలా వాటి దారి అదే. కాలిఫోర్నియా స్పెషలైజ్డ్‌ని 1974లో మైక్ సిన్యార్డ్ తన వ్యాను అమ్మిన డబ్బుతో మొదలుపెట్టాడు. 2001లో ఆ కంపెనీలో 49 శాతం వాటా తైవాన్ మెరిడా కొనుక్కుంది. ఎన్నో ఏళ్ళుగా స్పెషలైజ్డ్ సైకిళ్ళు చేసిపెడుతున్నది మెరిడానే. 1987లో షికాగోలో పుట్టిన స్రామ్ కంపెనీ గేర్లతో 2023లో కొలరాడో కుర్రాడు సెప్ కస్ స్పెయిన్ వుయెల్టా గెలిచాడు. ఆ కంపెనీకి పెద్ద ఫ్యాక్టరీలు ఉన్నది తైవాన్‌లోని తైచుంగ్‌లో. బహ్రెయిన్‌లో ఉన్నవాళ్ళకి గుర్తుండొచ్చు, 2017లో బహ్రెయిన్ మెరిడా అన్న పేరుతోనే ఒక టీము వచ్చింది. 2020లో ఇటలీ కొల్నాగో కంపెనీలో ఎక్కువ వాటా అబుధాబి పెట్టుబడిదారులు కొన్నారు. మనం ఎండలో పనిచేసే దేశాల పేర్లు ఇప్పుడు టూర్ జెర్సీల మీద ఉన్నాయి.

సరే, తైవాన్ ఫ్యాక్టరీల్లో పనిచేసేది ఎవరు? తైవాన్ వాళ్ళతో పాటు వియత్నాం, థాయిలాండ్, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన వలస కార్మికులు. వాళ్ళ కథ వింటే మన ఊరి కథలాగే ఉంటుంది. సొంత దేశంలో ఏజెంటుకి కట్టడానికి అప్పు. తైవాన్ దిగాక అక్కడి బ్రోకర్‌కి నెలనెలా సర్వీసు ఫీజు. చట్టం ప్రకారమే మొదటి ఏడాది నెలకి 1,800 తైవాన్ డాలర్లు, రెండో ఏడాది 1,700, మూడో ఏడాది నుంచి 1,500 దాకా తీసుకోవచ్చు. పాస్‌పోర్టు, రూము, ఓవర్‌టైమ్ గొడవలు వేరే. మా మేనమామ దుబాయ్ వెళ్ళడానికి ఎకరం పొలం తాకట్టు పెట్టాడు. నూటికి మూడు రూపాయల వడ్డీ. మొదటి ఏడాదిన్నర జీతం ఆ వడ్డీకీ ఏజెంటుకీ పోయింది. మా అత్త ఆ లెక్కలు క్యాలెండర్ వెనక రాసుకునేది. వియత్నాం పల్లెలో కూడా ఏదో ఒక ఇంట్లో అలాంటి క్యాలెండర్ ఉండే ఉంటుంది.

2025 సెప్టెంబర్ 24న అమెరికా కస్టమ్స్ శాఖ ఒక ఆర్డరు వేసింది: జెయింట్ కంపెనీ తైవాన్‌లో చేసిన సైకిళ్ళు, విడిభాగాలు అమెరికా రేవుల్లో ఆపేయాలని. కారణం, బలవంతపు చాకిరీ గుర్తులు కనిపించాయని. అప్పుల ఊబి, జీతాలు పట్టి ఉంచుకోవడం, మితిమీరిన ఓవర్‌టైమ్, పని చోట, బస చోట అధ్వాన్నమైన పరిస్థితులు, నిస్సహాయతని వాడుకోవడం, ఈ ఐదూ ఆ శాఖ చెప్పినవి. కొత్తగా చేరే విదేశీ కార్మికుల దగ్గర రిక్రూట్‌మెంట్ డబ్బులు తీసుకోకుండా 2025 జనవరి నుంచే పద్ధతి మార్చామని, ఆర్డరు తీసేయించుకోవడానికి ప్రయత్నిస్తామని కంపెనీ చెప్పింది. ప్రపంచంలోకెల్లా పెద్ద సైకిల్ తయారీదారుల్లో అది ఒకటి. ఆ ఏడాది టూర్‌లో జేకో అలులా టీము తొక్కింది కూడా జెయింట్ సైకిళ్ళే.

రేసు సైకిల్ గురించి ఇప్పటిదాకా జరిగిన చర్చంతా బరువు ఎన్ని గ్రాములు, గాలి అడ్డు ఎంత, గేర్లు ఎన్ని అని. మంచిదే, నాకూ ఆ ముచ్చట ఇష్టమే. కానీ ఒక రేవులో ఓడ ఆగింది గ్రాముల వల్ల కాదు. ఫ్రేము చేసినవాడు ఆ ఉద్యోగం కోసం ఎంత కట్టాడు అన్న ప్రశ్న వల్ల. సెరోటా, స్లావ్టాల పేర్లు ఆలస్యంగానైనా బయటికి వచ్చాయి. ఇప్పుడు వాళ్ళ షాపుల చరిత్ర జనం ఇష్టంగా చదువుతారు. వాళ్ళకి సొంత షాపు ఉంది, సొంత పేరు ఉంది, ఊళ్ళో నలుగురికీ తెలుసు. తైచుంగ్ హాస్టల్లో పడుకున్న కుర్రాడికి ఇవేవీ లేవు. అతని సంగతి బయటికి వచ్చింది కార్మికులు నోరు విప్పడం వల్ల, రాసేవాళ్ళు వెళ్ళి వినడం వల్ల.

ఈ కథలో మనకి పనికొచ్చే ముక్క కూడా ఉంది. ఇండియా చట్టం ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంటు విదేశీ ఉద్యోగానికి మీ దగ్గర తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతే. యూఏఈ చట్టం అయితే రిక్రూట్‌మెంట్ ఖర్చు కార్మికుడి మీద వేయకూడదనే చెబుతుంది. లక్షలు కట్టి వచ్చినవాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారో మీకూ తెలుసు. కట్టిన డబ్బుకి రసీదు, ఫోన్‌పే స్క్రీన్‌షాటు, ఏజెంటు పంపిన మెసేజీ, ఏది ఉంటే అది దాచిపెట్టుకోండి. ఎక్కడో ఒక అధికారి లెక్క అడిగిన రోజున చూపించడానికి చేతిలో ఉండేది అదే.

వచ్చే ఎపిసోడ్‌లో కొన్ని నిమిషాలు మీ కోసం ఉంచుతున్నాం. మీరు పనిచేసే చోట తయారయ్యే వస్తువు ఏంటి, దాని మీద ఎవరి పేరు పడుతుంది, అందులో మీరు చేసే పని ఏంటి, ఒక నిమిషం వాయిస్ మెసేజీ పంపండి. మీ పేరు చెప్పొద్దంటే చెప్పం. పని గురించి మాత్రం తప్పకుండా చెబుతాం.